తొమ్మిదేళ్ల హోరు అబద్ధమా?

ఈ వారం ఉత్తరం అనంతపురం నుంచి వచ్చింది. రాసినవారి వయసు 34 ఏళ్లు. తన పేరు గాని, బ్యాండు పేరు గాని బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పొడవుగా ఉన్నందున ముఖ్యమైన సంగతులను మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఇంజనీరింగు చదువు కోసం బెంగళూరు వెళ్లిన ఈయన, చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు స్నేహితులతో కలిసి తొమ్మిదేళ్లపాటు ఒక నాయిస్ రాక్ బ్యాండును నడిపారు. ఒకరు డ్రమ్స్, ఒకరు బేస్ గిటారు, ఈయన గిటారు, గొంతు. ఈ సంగీతం తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. యాంప్లిఫయర్ కీచుమనడం, తీగల గరగర, శ్రుతికి అందని మోత వంటి వాటిని ఇతరులు దోషాలుగా తొలగిస్తే, వాటినే ముడిసరుకుగా తీసుకొని పాట కట్టే పద్ధతి ఇది. 1980ల మొదట్లో న్యూయార్కులో సోనిక్ యూత్, స్వాన్స్ వంటి బృందాల చేతిలో రూపు కట్టింది. ఈయన బ్యాండు పాటలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. సగం పాడి, సగం అరిచేవారు.

రెండేళ్ల క్రితం తండ్రి చనిపోవడంతో ఈయన భార్యతో సహా అనంతపురం తిరిగివచ్చి, తండ్రి నడిపిన మోటారు వైండింగ్ షాపును చూసుకుంటున్నారు. అప్పటికే కుడిచెవిలో సన్నని మోత ఒకటి మొదలై, ఇప్పటికీ తగ్గలేదు. రాత్రిళ్లు షాపు కట్టేసి వచ్చాక, పెడళ్లు (గిటారు ధ్వనిని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు), యాంప్లిఫయర్ ఏవీ లేకుండా ఒక్క అకౌస్టిక్ గిటారుతో తెలుగులో పాటలు కడుతున్నారు. ఆరో తీగను ఒక స్వరం దించి, దాన్ని ఆగకుండా మోగిస్తూ, దాని మీద పాడుతున్నానని రాశారు.

ఈ మధ్య మూడు సంగతులు జరిగాయి. బ్యాండు రోజుల్లో అందరూ అడిగి మరీ వాయించుకున్న పాటను ఒక రాత్రి అకౌస్టిక్ గిటారు మీద భార్యకు వినిపిస్తే, అది పూర్తయ్యాక కూడా ఆమె ఎదురుచూస్తూ కూర్చొని, చివరికి "ఇంకా మొదలుపెట్టలేదనుకున్నా" అన్నారు. తొమ్మిదేళ్ల పనిలో సరుకు లేదని ఆ క్షణాన అనిపించిందని రాశారు. రెండవది, కెనడా వెళ్లిన బేస్ వాద్యకారుడు డిసెంబరులో వస్తున్నాడు కాబట్టి బెంగళూరులో మళ్లీ ఒక్క ప్రదర్శన ఇద్దామని డ్రమ్మరు ఫోను చేశాడు. ఈయన తడబడేసరికి, ఊరికి పోయి మెత్తబడిపోయావని, మా ఇద్దరినీ వదిలేశావని అతను నిష్ఠూరమాడాడు. మూడవది తల్లి మాట. తండ్రి ఖాతా పుస్తకంలో వసూలు కాని అప్పుల పేర్లను వరుసగా చెబుతూ ఈయన ఒక పాట కట్టారు. కొత్త పాటలు విని "ఇప్పటికి నీకు బుద్ధొచ్చింది, పాటంటే ఇదీ" అని సంతోషించిన తల్లి, ఈ పాట విని మాత్రం ఇలా అన్నారు: "మీ నాయన బతికినన్నాళ్లూ ఒక్కర్నీ అడగలే. ఇప్పుడు నువ్వు పాట కట్టి అడుగుతావా? ఇంట్లో పాడుకో, బయట మాత్రం వద్దు."

ఆయన అడుగుతున్నవి ఇవి. నేను మారానా, ఓడిపోయానా? తొమ్మిదేళ్లు చేసింది అబద్ధమైతే ఇప్పుడు చేస్తున్నది మాత్రం నిజమని ఎలా నమ్మాలి? డిసెంబరులో వెళ్లాలా వద్దా? ఆ పాటను ఏం చేయాలి?

మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్ల శ్రమ మీద మీరిచ్చుకున్న తీర్పు అంతా మీ భార్య అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. అందుకని ముందు దాన్నే చూద్దాం.

డిస్టార్షన్ పెడల్ ధ్వనికి గరుకుదనం అద్దడంతో ఆగదన్న సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. అది ధ్వని తరంగపు శిఖరాలను కత్తిరిస్తుంది కాబట్టి మెల్లగా మీటినా, గట్టిగా మీటినా దాదాపు ఒకే స్థాయిలో బయటికి వస్తుంది. తీగ చల్లారుతున్నా స్వరం నిలబడుతుంది. యాంపు (యాంప్లిఫయర్) మోతకు తీగ తిరిగి కంపించి ఫీడ్‌బ్యాక్‌గా మారితే, చెయ్యి తీసేసినా పాట నడుస్తూనే ఉంటుంది. రెండు స్వరాలు కలిసి అందులోంచి వెళ్లినప్పుడు వాటి కూడిక నుంచి, తేడా నుంచి మీరు మీటని కొత్త స్వరాలు కూడా పుడతాయి. అందువల్లనే మీ వంటి బ్యాండ్లు షడ్జమ పంచమాలు మాత్రమే ఉన్న పవర్ కార్డులతో పాటలు కడతాయి. వాటికి గాంధారం కలిపితే అంతా కలగాపులగమై ఏదీ తేలదు. అంటే మీ పాటలో వినిపించినదంతా మీ వేళ్ల కింద లేదు. కొంత పెడల్లో, కొంత యాంపుకు గిటారుకు మధ్యనున్న గాలిలో, కొంత మిగిలిన ఇద్దరి చేతుల్లో ఉంది. ఆ పవర్ కార్డునే అకౌస్టిక్ గిటారు మీద మీటితే పొడిగా రెండు స్వరాలు పలికి, కాసేపటికే ఆరిపోతాయి.

మూడు ఫేజుల మోటారుకు ఒక్క ఫేజు ఇస్తే ఏమవుతుందో రోజూ చూసేవారు మీరు. అది తిరగదు, గుయ్యిమంటూ వేడెక్కుతుంది. ఆ మోటారు చెడిపోయిందని మీరు రైతుకు చెప్పరు కదా. ముగ్గురు మనుషులతో, అంత మోతతో తిరగడానికి చుట్టిన పాట అది. ఒక్క గిటారు మీద తిరగకపోవడం దాని లోపం కాదు. మీ భార్య మాటలోనూ తప్పేమీ లేదు. పాటలో సగానికి పైగా ఆమె ముందుకు రానేలేదు కనుక, ఇంకా మొదలవలేదని ఆమె అనుకోవడం సరైన వినికిడే. నన్నడిగితే, ఆమె చెవిని మీరు దగ్గర పెట్టుకోవాలి. కొత్త పాటల్లో ఏది మొదలైందో, ఏది ఇంకా మొదలవలేదో మొహమాటం లేకుండా చెప్పగల మనిషి ఇంట్లోనే ఉండడం చిన్న సంగతి కాదు.

ఇదే కారణంగా, పాత పాటలను అకౌస్టిక్‌లోకి మార్చి వాయించే ఆలోచన ఉంటే ప్రస్తుతానికి పక్కన పెట్టమని నా సలహా. అలా మార్చి మెప్పించినవారు ఉన్నారు గాని, వారి పాటల్లో చాలావరకు రాగం, మాట ముందే విడిగా నిలబడగలిగినవి. మీవి ధ్వనితో కట్టినవి. మార్చాలనుకుంటే కార్డులను కొత్తగా ఎంచుకొని, ఖాళీలను నింపే పని మాటకు అప్పగించి, దాదాపు మొదటి నుంచి కట్టాలి. ఆ శ్రమ కొత్త పాట మీద పెడితే ఫలితం ఎక్కువ.

ఆరో తీగను దించి ఆగకుండా మోగిస్తున్నానని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆ అలవాటు మీకు అకౌస్టిక్ గిటారు నేర్పింది కాదు, బ్యాండు నేర్పింది. తీగలను మామూలు శ్రుతి నుంచి తప్పించి, ఒకే స్వరాన్ని సాగదీసి, దాని మీద పాటను నిలబెట్టడం నాయిస్ రాక్ వాద్యకారులు నలభై ఏళ్లుగా చేస్తున్న పని. అదే పనిని మన వైపు తత్వాలు పాడేవారు తంబూరతో చేస్తారు. బ్రహ్మంగారి మఠం వైపు ఇప్పటికీ ఒక తంబూర, చేతిలో చిరుతలు, ఒక్క గొంతుతో రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టేవారు ఉన్నారు. మీ తల్లి చెవికి మీ కొత్త పాటలు వెంటనే పట్టడానికి ఆ శ్రుతి అలవాటు ఒక కారణమై ఉండవచ్చు. అలాగే హోరు కూడా మన జిల్లాకు పరాయిది కాదు. ఉరుముల వాద్యం చర్మాన్ని పుల్లతో రాసినప్పుడు వచ్చే గర్జనను జాతరలో దగ్గరగా విన్నవారెవరూ, సంగీతమంటే మెత్తగానే ఉండాలని అనరు. కాబట్టి మీరు ఒక అబద్ధం నుంచి ఒక నిజానికి రాలేదు. ఒకే మనిషి రెండు రకాల సాధనాలతో పని చేశాడు, అంతే.

అయినా మీ కలవరం ఉత్తిది కాదు. అది గిటారు మార్చడం వల్ల వచ్చింది కాదనీ, మీ మాట ఇప్పుడు వినపడుతున్నందువల్ల వచ్చిందనీ నాకు తోస్తోంది. షాపు వదిలి బెంగళూరులో ఉండిపోయినందుకు తండ్రితో పడిన గొడవ మీద బ్యాండులో ఒక పాట ఉండేదని మీరే రాశారు. దాన్ని వందల మంది ముందు అరిచి పాడారు, ఆయన ఎన్నడూ వినలేదు, విన్నవారికి మాటలు అందలేదు. ఆ హోరు మీకు తెరగా ఉంది, ఆయనకూ తెరగా ఉంది. అది తప్పు కాదు. కొన్ని బాధలను ముందు అలాగే బయటికి తేవాలి. ఇప్పుడు ఆ తెర లేదు. తెలుగులో, ఒక్క గిటారుతో, తల్లి ఎదురుగా కూర్చొని ఉండగా పాడుతున్నారు. ఎవరి గురించి పాడుతున్నారో వారికి అర్థమవుతుంది. మీ తల్లి వద్దన్న పాట దగ్గర చిక్కు ఇదే, అందుకే దాని మీద ఎక్కువసేపు ఆగుతాను.

మీరు పంపిన పాటలో రెండు పంక్తులు నాకు పదే పదే గుర్తొస్తున్నాయి: "అయిదు హెచ్‌పీ మోటారొకటి నీళ్లు లేక ఆగిపోయె / అప్పు పుస్తకంలో అది ఇంకా తిరుగుతున్నది." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో, కాలిన మోటారును అరువుకు చుట్టి ఇచ్చి, బోరు ఎండిపోయాక ఆ డబ్బు అడగలేక పుస్తకం మూసిన మనిషి ఎలాంటివాడో ఆ రెండు పంక్తుల్లో ఉంది. ఆ తర్వాత పన్నెండు పంక్తులపాటు మీరు పేర్లు చదివారు. ఇంటిపేర్లతో, ఊళ్లతో, బాకీ మొత్తాలతో సహా చదివారు.

ఉన్నది ఉన్నట్టుగా పాడవచ్చు. అప్పుడు కూడేరు నుంచో, రాప్తాడు నుంచో ఆ పేర్లవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు, ఆ పాటను ఎవరి ఫోనులోనో వింటారు. కొందరు మనసు కష్టపెట్టుకుంటారు, కొందరు షాపుకొచ్చి డబ్బు బల్ల మీద పెడతారు. రెండూ మీ తల్లి తట్టుకోవలసినవే, ఎందుకంటే వీధిలో వాళ్లకు ఎదురుపడేది ఆమె. ఇంకొక సంగతి కూడా ఉంది. మీ నాయన ఆ అప్పులను అడగకుండా వదిలేయడం ఆయన తెలిసి చేసిన పని. పేర్లు చదివితే, ఆయన్ను కీర్తించాలని కట్టిన పాటే ఆయన చేసిన పనిని తిరగేస్తుంది. మీ తల్లి ఒక్క వాక్యంలో చెప్పింది ఇదే.

పేర్లు తీసేసి మోటార్లను ఉంచవచ్చు. అయిదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ, ఎన్ని అడుగుల బోరు, ఏ నెలలో తెచ్చారు, ఇవన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి కదా. మనిషి కనపడకుండా మోటారు కనపడితే, విన్న ప్రతి రైతూ తన మోటారునే అనుకుంటాడు. పాటలో పదును తగ్గుతుందని మీకు అనిపించవచ్చు. నాకైతే పెరుగుతుందనిపిస్తోంది. అయినా ఊరి పేరు, నెల కలిస్తే ఎరిగినవారు పోల్చుకుంటారు కాబట్టి, ఆ రెంటిలో ఒకదాన్ని కూడా మార్చడం మంచిది.

పాటను కొంతకాలం ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అయితే గడువు లేకుండా ఉంచితే అది మీలో తల్లి మీద ముల్లుగా మిగులుతుంది, తర్వాత కట్టే పాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఈసారి సంవత్సరీకం అయ్యాక మళ్లీ మాట్లాడుకుందామని ఆమెతోనే ఒక తేదీ అనుకొని ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు.

వీటన్నిటికన్నా ముందు, ఆ ఖాతా పుస్తకం తెచ్చి ఆమె పక్కన కూర్చోండి. గిటారు వద్దు. ఒక్కొక్క పేరు దగ్గర ఏం జరిగిందో అడగండి. ఏ పేరు రాస్తూ ఆయన ఏమన్నారో, ఎవరు ఏ పండక్కి శనక్కాయలు తెచ్చి ఇంట్లో పోసి వెళ్లారో, ఎవరి బాకీని ఆయనే గీత కొట్టేశారో ఆమెకు తెలుసు, మీకు తెలియదు. ఆ ఏళ్లలో మీరు బెంగళూరులో ఉన్నారు. మీ పాటలో అప్పు ఒక్కటే ఉంది, దాని వెనకనున్న ఇచ్చిపుచ్చుకోవడం లేదు. అది ఆమె దగ్గర ఉంది. విన్నాక పాట మారవచ్చు, మారకపోవచ్చు. ఆమె అప్పటికీ వద్దనవచ్చు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, పేర్ల విషయంలో ఆమె మాట నెగ్గాలి, పాట విషయంలో మీ మాట నెగ్గాలి. బతికి ఉన్నవారి పేర్లు మీవి కావు, తండ్రిని తలుచుకునే హక్కు మీది.

ఇక ఆమె మెచ్చుకోలు మిమ్మల్ని ఎందుకు గుచ్చుకుందో అర్థమవుతోంది. ఇప్పటికి బుద్ధొచ్చిందంటే, ఇన్నాళ్లూ లేదనే కదా. మీరు ఆమెతో వాదించవచ్చు, ఆమె అభిరుచి మారదు. పాత రికార్డింగును మోత తగ్గించి వినిపించి, ఎక్కడ ఎవరు ఏం వాయిస్తున్నారో చెప్పవచ్చు. అప్పుడూ ఆమెకు నచ్చకపోవచ్చు గాని, అది కొడుకు చెడుతిరుగుడు కాదని, ఓర్పుతో చేసిన పని అని తెలుస్తుంది. ఆమె నుంచి మీకు కావలసింది అంతకన్నా ఎక్కువ కాదని అనుకుంటున్నాను.

చెవి సంగతిని మీరు ఉత్తరం చివర్లో సిగ్గుపడుతూ రాశారు. అది సిగ్గుపడే విషయం కాదు, వాయిదా వేసే విషయం అంతకన్నా కాదు. ఒక్క చెవిలోనే మోత ఉండి, నెలల తరబడి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి తప్పక చూపించుకోవాలి. పెద్ద మోత ఒక్కటే కారణమని మనంతట మనం తేల్చుకోకూడదు. వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ తీయించండి. మోత వల్ల వచ్చే నష్టం సాధారణంగా ముందు 4,000 హెర్ట్జుల స్థాయి సన్నని ధ్వనుల దగ్గర కనిపిస్తుంది, మాట వినడంలో తేడా తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. లోపలి చెవిలో పోయిన కణాలు మళ్లీ రావు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలు. మీ బ్యాండు రిహార్సల్ గదిలో అంతకు తక్కువ ఉండి ఉండదు. ఎప్పుడైనా వినికిడి హఠాత్తుగా పడిపోతే మాత్రం మర్నాటికి ఆగకుండా వెళ్లండి.

చెవి కారణంగా మెల్లని సంగీతానికి వచ్చినంత మాత్రాన అది ఓటమి కాదు. బ్రిటిష్ రాక్ బృందం ద హూ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ 1989 పర్యటనలో చెవులు కాపాడుకోవడం కోసం ఎక్కువభాగం అకౌస్టిక్ గిటారే వాయించారు, ఎలక్ట్రిక్ గిటారుకు వేరొకరిని పెట్టుకున్నారు. మన బతుకులో ఏ మలుపుకైనా పక్కన ఒక అనారోగ్యమో, ఒక చావో, ఒక బస్సు ప్రయాణమో ఉంటుంది. తండ్రి పోయి, చెవి చెడి, ఊరు మారి ఉండకపోతే మీరు ఈ పాటలు కట్టేవారు కారేమో. అయినా కట్టింది మీరే, రాత్రి షాపు కట్టేసి అలసి వచ్చి కూడా కట్టారు.

డిసెంబరు దగ్గరికి వద్దాం. మీ డ్రమ్మరు మాటలో నిందకన్నా దిగులు ఎక్కువ వినపడింది నాకు. బేస్ వాద్యకారుడు దేశం దాటాడు, మీరు ఊరు చేరారు, అతనొక్కడే ఉన్నచోట ఉన్నాడు. ఒక్కడు గిటారు తీసుకొని పాడుకోవచ్చు, ఒక్కడు డ్రమ్స్ వాయించుకుంటూ ఎంతకాలం ఉంటాడు? మీ మలుపులో అతనికి చోటు లేదన్నది నిజమే, ఆ నిజాన్ని అతని ముందు ఒప్పుకోండి. "మారిపోయాను" అని చెబితే అతను వాదిస్తాడు. "నువ్వు లేకుండా చేయగలిగే పని ఇప్పుడు చేస్తున్నాను, నీకది కష్టంగా ఉంటుందని తెలుసు" అంటే అతనికి వాదించడానికి ఏమీ ఉండదు.

వెళ్లాలనుకుంటే వైద్యుడు చూశాకే వెళ్లండి. సంగీతకారుల కోసం ఫిల్టర్లతో వచ్చే ఇయర్‌ప్లగ్గులు ఉంటాయి. దూది కన్నా మేలు, ధ్వని రంగు మారకుండా 15 నుంచి 25 డెసిబెళ్ల వరకు తగ్గిస్తాయి. ప్రదర్శన అరగంట ఉంటే, దానికి ముందు రిహార్సళ్లు ఎన్నో గంటలుంటాయి. అసలు ప్రమాదం వాటిదే. వాటిని యాంపు తగ్గించి చేయడానికి మిగిలిన ఇద్దరూ ఒప్పుకోవాలి. అది అవ్వదంటే వెళ్లకపోవడమే మంచిది. బాగా జరిగితే మళ్లీ ఒకటి అడుగుతారు, అందుకు ముందే సిద్ధపడండి. వెళ్లకూడదనుకుంటే స్నేహంలో కొన్నాళ్లు ఎడం వస్తుంది, అది వెంటనే పూడదు. మూడో దారి కూడా ఉంది. బేస్ వాద్యకారుడు వచ్చినప్పుడు ఇద్దరినీ అనంతపురం రమ్మనండి, మీ ఇంట్లో రెండు రోజులు ఉండమనండి, కొత్త పాటలు వినిపించండి. వేదిక ఉండదు, జనం ఉండరు, డ్రమ్మరుకు చాలకపోవచ్చు. కాని మీరు ఎటు వెళ్లారో అతను కళ్లారా చూస్తాడు.

ఈ తలుపు ఒకవైపే తెరుచుకుంటుందని, మళ్లీ హోరు వైపు వెళ్లలేనన్న భయం మీ ఉత్తరం నిండా ఉంది. అందుకు ఆధారం లేదు. స్వాన్స్ బృందాన్ని నడిపిన మైకేల్ గీరా 1997లో దాన్ని ముగించి, ఎక్కువగా అకౌస్టిక్ వాద్యాలతో ఏంజెల్స్ ఆఫ్ లైట్ పేరున ఏళ్ల తరబడి పని చేసి, 2010లో మళ్లీ స్వాన్స్‌ను మొదలుపెట్టారు, మోత ఏమీ తగ్గకుండా. హస్కర్ డూ బ్యాండు చెదిరిపోయాక దాని గిటారిస్టు, గాయకుడు బాబ్ మౌల్డ్ 1989లో అకౌస్టిక్ గిటారు, చెల్లో వినిపించే సోలో ఆల్బం చేసి, 1992లో మరో హోరు బ్యాండుతో వచ్చారు. సోనిక్ యూత్‌లో ఉంటూనే థర్స్టన్ మూర్ 2007లో అకౌస్టిక్ గిటారు ప్రధానంగా ఉన్న ఆల్బం తెచ్చారు, బ్యాండు 2011 దాకా నడిచింది. వీరిలో ఎవరికీ వెనక్కి వచ్చే దారి మూసుకుపోలేదు. మీకు వారంత వెసులుబాటు లేదు, షాపు ఉంది, చెవి ఉంది. అందుకని తొందరపడి ఏదీ శాశ్వతమని ప్రకటించకండి. ఎలక్ట్రిక్ గిటారు, పెడళ్లు అమ్మేద్దామా అని అడిగారు. డబ్బు అత్యవసరమైతే తప్ప ఈ ఏడాది అమ్మవద్దు.

పాటలను ఏ పేరుతో విడుదల చేయాలన్న విషయంలో సందేహమే లేదు. కొత్త పాటలు మీ సొంత పేరు మీద విడుదల చేయండి. బ్యాండు పేరుతో వస్తే నాలుగు రోజులు ఎక్కువమంది వింటారు, కాని ఆ పేరులో ముగ్గురికి వాటా ఉంది. ముగ్గురూ కలిసి కట్టిన పాత బాణీని కొత్త పాటలో వాడుకుంటే మాత్రం ఆ ఇద్దరి ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. ఇప్పుడు అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయిదేళ్ల తర్వాత అడగడానికి ఇంకా కష్టంగా ఉంటుంది.

మొదటిసారి బయట పాడడం గురించి రెండు మాటలు. పెద్ద వేదిక వద్దు. పదిహేను ఇరవై మంది పట్టే ఇంట్లోనో, మిద్దె మీదనో మైకు లేకుండా పాడండి. లలితకళా పరిషత్తు వంటి చోట సాహిత్య సభలో ఒక పాట పాడమంటే తర్వాత వెళ్లవచ్చు. అక్కడివారు మాటను శ్రద్ధగా వింటారు, ముఖం మీదే అభిప్రాయం చెబుతారు. గిటారులోనే ఉండి ధ్వనిని పట్టే పికప్‌ను సభ మిక్సరుకు నేరుగా తగిలిస్తే రేకు డబ్బా మోగినట్టుంటుంది, అందుకని మామూలు మైకునే పన్నెండో ఫ్రెట్ ఎదురుగా జానెడు దూరంలో పెట్టించుకోండి. గొంతు కూడా చూసుకోవాలి. అరవడానికి పెట్టుకున్న శ్రుతిలోనే పాడుతున్నట్టుంది మీ రికార్డింగు, రెండు మెట్లు దించి చూడండి. వేసవిలో మన గాలి తేమ లేక గిటారు చెక్క పగులుతుంది కాబట్టి, చిల్లులు పెట్టిన సబ్బు పెట్టెలో తడి స్పాంజీ పెట్టి కేసులో ఉంచి మూయండి.

డిసెంబరు ఇంకా దూరంలో ఉందని జవాబును సాగదీస్తున్నారు. డ్రమ్మరు ఈ నెలాఖరులో హాలుకు అడ్వాన్సు కడతానన్నాడని రాశారు. వైద్యుడి దగ్గరికి ఈ వారమే వెళ్లి, ఆ రిపోర్టు చేతిలో పెట్టుకొని, అతను డబ్బు కట్టకముందే మీరే ఫోను చేయండి. వస్తే ఏ షరతుల మీద వస్తారో, రాకపోతే ఎందుకు రారో అదే ఫోనులో చెప్పండి.